పెరటి పూలమొక్కలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా పెరట్లోని ముద్దమందార కొమ్మల చివర దూదిపింజల వంటి తెల్లని పదార్థం పేరుకుంటోంది. చిగుళ్లు ముడుచుకుపోయి, మొగ్గలు విచ్చుకోకుండానే రాలుతున్నాయి. ఆకులపై నల్లటి మసి కూడా కనిపిస్తోంది. దుకాణంలో ఇచ్చిన మందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. మరింత ఘాటైన మందు వాడాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అవసరం లేదు. మీరు చెప్పిన లక్షణాలన్నీ పిండినల్లివే. దూదిలా కనిపించేది ఆ పురుగుల ఒంటినీ గుడ్ల సంచులనూ కప్పి ఉంచే మైనపు పూత. పిచికారీ చేసిన మందు దాని మీద నిలవక జారిపోతుంది కాబట్టి, ఎంత ఘాటైనది కొట్టినా పెద్ద పురుగులు చాలావరకు తప్పించుకుంటాయి. పూత ఇంకా ఏర్పడని పిల్లపురుగులే మందుకు లొంగుతాయి. గుడ్లన్నీ ఒకేసారి పగలవు కనుక ఒకటి రెండు పిచికారీలతో సమస్య తీరదు.

ముందుగా బాగా పట్టిన కొమ్మలను కత్తిరించి, సంచిలో మూటకట్టి ఎండలో పడేయండి. ఎరువు గుంటలో మాత్రం వేయవద్దు. మిగిలిన చెట్టును గొట్టంతో ధారగా కొట్టి కడిగిన తర్వాత, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, అది నీటిలో కలిసేందుకు కాస్త సబ్బునీరు చేర్చి, ఆకుల అడుగున, కణుపుల సందుల్లో తడిసేలా సాయంత్రం వేళ పిచికారీ చేయండి. తొలిసారి ఒక కొమ్మపై కొట్టి, రెండు రోజుల్లో ఆకు మాడలేదని నిర్ధారించుకున్నాకే చెట్టంతటికీ కొట్టాలి. వారం పది రోజుల వ్యవధితో మూడు నాలుగు సార్లు ఇలా చేయాలి.

చీమల సంగతి చాలామంది పట్టించుకోరు. పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు చేరి, పిండినల్లిని తినడానికి వచ్చే మిత్రపురుగులను తరిమేస్తాయి. ఆ జిగురు మీద పెరిగే బూజే మీరు చూసిన నల్లటి మసి. కాండానికి గుడ్డ చుట్టి, దానిపై గ్రీజు పూసి చీమల దారి మూసేయండి. బెరడుకు నేరుగా పూయవద్దు. పిండినల్లి మధ్య ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో చురుగ్గా కదిలే పెద్ద పురుగు కనిపిస్తే చంపకండి. అది పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్ల. రూపం చూసి మోసపోయి దాన్నే ముందుగా నలిపేసేవారు ఎక్కువ. అది కనిపించిన కొమ్మపై వేపనూనె కూడా కొట్టకుండా వదిలేయడం నయం.

మొక్క లోపలికి ఇంకే రసాయన మందులను మందారకు నేను సూచించను. పూలకు తేనెటీగలు, తేనెపిట్టలు వస్తాయి. పైగా మన ఇళ్లలో ఆ పూలను, ఆకులను తలనూనెలో మరిగిస్తారు. దగ్గరలో బెండ, బొప్పాయి, జామ ఉంటే వాటినీ పరిశీలించండి. పిండినల్లికి అవీ ఇష్టమే.

ప్రశ్న: గులాబీ ఆకులపై నల్లటి గుండ్రని మచ్చలు వచ్చి, ఆకులు పండి రాలిపోతున్నాయి. చలికాలంలో మాత్రం లేత చిగుళ్లపై బూడిద చల్లినట్లుంటుంది. రెండింటికీ ఒకే మందు సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇవి రెండు వేర్వేరు శిలీంధ్రాల వల్ల వచ్చే తెగుళ్లు. నల్లమచ్చ తెగులు ఆకు గంటల తరబడి తడిగా ఉంటేనే అంటుకుంటుంది. అందువల్ల సాయంత్రం పైనుంచి నీళ్లు పోయడం మాని, ఉదయం పూట మొక్క మొదలు దగ్గర మాత్రమే పోయండి. రాలిన ఆకులను ఏరి తగలబెట్టాలి. వానలు పట్టినప్పుడు లీటరు నీటికి 2.5 గ్రా. మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశని కలిపి పిచికారీ చేయవచ్చు.

బూడిద తెగులుకు ఆకు తడి అక్కరలేదు. చల్లని రాత్రులు, గాలి ఆడని గుబురు చాలు. లోపలి కొమ్మలను పలచన చేసి, లీటరుకు 3 గ్రా. నీటిలో కరిగే గంధకం కొట్టండి. ఎండ ముదిరిన రోజుల్లో గంధకం ఆకును మాడ్చేస్తుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు దాన్ని వాడకూడదు.

ప్రశ్న: నూరువరహాల మొక్క లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. ఇది ఏ తెగులు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తెగులు కాదు, ఇనుప ధాతువు లోపం. సున్నం ఎక్కువున్న బోరు నీటితో నేల క్షారంగా మారితే మట్టిలో ఇనుము ఉన్నా వేర్లకు అందదు. లీటరు నీటికి 5 గ్రా. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రా. నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి వారానికోసారి రెండు మూడు సార్లు ఆకులపై కొట్టండి. వీలైతే వాననీరు పట్టి పోయండి. ఫలితాన్ని కొత్త చిగురులో చూడాలి. బాగా పాలిపోయిన పాత ఆకులు తిరిగి పచ్చబడకపోవచ్చు.