ఆ గడి ఖాళీగా ఉంచండి

ప్రశ్న: విశాఖపట్నంలో ఫిషింగ్ హార్బర్‌కు దగ్గరలోని ఒక బడిలో అయిదో తరగతికి పాఠాలు చెబుతున్నాను. మా తరగతిలో ఒక అబ్బాయి తండ్రి పోయిన అక్టోబరులో వేటకు వెళ్లి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. అందరమూ వాడిమీద జాలిగానే ఉన్నాం. కానీ జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి పక్కవాళ్లను కొడుతున్నాడు, పిలిస్తే పలకడు. మొన్న ఒక దరఖాస్తు నింపుతూ తండ్రి పేరుకు ముందు ‘లేట్’ అని రాశాను. అది చూసి కాగితం లాక్కుని చింపేశాడు. కోపం ఆపుకోలేక తరగతి బయట నిలబెట్టాను. పావుగంటలో మాయమయ్యాడు. చివరికి జెట్టీ దగ్గర దొరికాడు. ‘భయం లేకపోతే ఇంతే’ అంటారు హెడ్‌మాస్టరు. ‘బడిని ఇంటికి మోసుకురావద్దు’ అంటారు మావారు. నాకు నిద్ర పట్టడం లేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్నగారు పోయారు. అయినా తట్టుకుని చదువుకున్నాను. వీడికి ఆ గట్టిదనం ఎలా నేర్పాలి? - ఒక టీచరు

జవాబు: టీచరుగారూ, మీ నాన్నగారు పోయినప్పుడు మీ ఇంట్లో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. చుట్టాలు వచ్చి ఏడ్చి ఉంటారు. పెద్దకర్మ జరిగి ఉంటుంది. ఫొటోకు దండ పడి ఉంటుంది. ఎంత బాధైనా, నాన్న ఇక లేరని పదిమందీ కలిసి మీకు చెప్పారు. ఈ పిల్లవాడికి ఆ మాట ఎవరు చెప్పారు? వాళ్లమ్మ బొట్టూ గాజులూ ఇంకా తీసి ఉండదని నా అనుమానం. తప్పిపోయిన మనిషిని చనిపోయినట్టు భావించడానికి చట్టం కూడా మామూలుగా ఏడేళ్లు ఆగుతుంది. ఆ పని మీ పెన్ను ఒక్క క్షణంలో చేసేసింది. తరవాత వాడు వెళ్లింది ఎక్కడికి? నాన్న పడవ రావలసిన చోటికి.

వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేసిన అమెరికా మనస్తత్వవేత్త పౌలీన్ బాస్, 1970లలో ఇలాంటి దుఃఖానికి ఒక పేరు పెట్టారు. తెలుగులో ‘తేలని నష్టం’ అనుకోవచ్చు. ఏడవడానికీ లేదు, మానడానికీ లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఈ ఊళ్లోనే ఉన్నాను. తరవాత రెండేళ్లపాటు గాలి కాస్త ఈల వేస్తే చాలు, లేచి కిటికీ గడియలు చూసేదాన్ని. ఇది తుపాను కాదని నాకు తెలుసు, నా కాళ్లకు తెలియదు. పదేళ్లవాడి సంగతి చెప్పాలా? ప్రమాదం అనిపించగానే ఆలోచించే మెదడు వెనక్కి తగ్గి, కొట్టడం, పారిపోవడం, బిగుసుకుపోవడం ముందుకొస్తాయి. మీరు మూడూ రాశారు: కొడుతున్నాడు, పారిపోయాడు, పిలిస్తే పలకడు.

బడి తెరిచినప్పటి నుంచి అన్నారు. వేట నిషేధం ముగిసేది కూడా అప్పుడే కదా, జూన్ 14న. 61 రోజులు ఒడ్డున ఉన్న నాన్నలందరూ మళ్లీ వేటకు వెళ్తారు, తిరిగి వస్తారు. మీ తరగతిలో పిల్లలు చెప్పుకునే కబుర్లు అవే.

ముందు ఆ కాగితం సంగతి తేల్చండి. వాడిని ఒంటరిగా, కానీ నలుగురికీ కనిపించే చోట పక్కకు పిలిచి, ‘మీ అమ్మను అడగకుండా ఆ మాట రాయడం నా తప్పు, నిన్ను బయట నిలబెట్టడం కూడా తప్పే’ అనండి. అంతే. నాన్న వస్తాడనీ చెప్పకండి, రాడనీ చెప్పకండి. ఏం జరిగిందో చెప్పమని అడగకండి. వాడే మొదలుపెడితే వినండి. తల్లిని కలిసి ఎలా రాయాలో అడగండి. ఆమె తేల్చుకోలేకపోతే ఆ గడి ఖాళీగా ఉంచి, పై అధికారులతో మీరు మాట్లాడుకోండి.

తరగతిలో వాడికి కావలసింది ఊహకు అందే రోజు. ఈ పూట ఏమేం చేస్తామో పొద్దున్నే బోర్డు మీద రాయండి. బల్లమీద బెత్తంతో కొట్టే అలవాటుంటే మానేయండి. వెనక ఎవరూ లేకుండా, తలుపు కనిపించేలా గోడ పక్కన కూర్చోబెట్టండి. గొంతు బిగుసుకున్నప్పుడు ఒక సుద్దముక్క మీ బల్లమీద పెట్టి కుళాయి దాకా వెళ్లి రావచ్చని ఒప్పందం చేసుకోండి. మొదట్లో రోజుకు పదిసార్లు వెళ్తాడు, కంగారుపడకండి. సముద్రం, చేపల పాఠం వచ్చే ముందు రోజు వాడికి చెప్పండి. ఇక జాలి కాస్త తగ్గించండి. కొట్టకూడదన్న నియమం వాడికీ వర్తించాలి. జాలితో వదిలేస్తే ‘నువ్వు మాలాంటివాడివి కాదు’ అని చెప్పినట్టే.

హెడ్‌మాస్టరుగారికి చెప్పండి: 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది. పైగా ఆ రోజు వాడిని జెట్టీ దాకా తరిమింది భయమే.

గట్టిదనం గురించి అడిగారు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. బాగా కష్టాల మధ్య పెరిగినవారిలో దాదాపు మూడో వంతు చక్కగా స్థిరపడ్డారు. అలాంటివారి బాల్యంలో తరచుగా కనిపించింది నమ్మకంగా నిలబడ్డ పెద్దవాళ్లు ఒక్కరైనా ఉండటం. అమ్మమ్మో, మేనత్తో, కొన్నిసార్లు టీచరో. తొమ్మిదో తరగతిలో మీ పక్కన నిలబడింది ఎవరు? ఉత్తరంలో వారి ఊసే లేదు. ఒక్కరే నిలదొక్కుకున్నారంటే నేను నమ్మను.

మీవారి మాటలో సగం నిజం ఉంది. మీరు టీచరు, వైద్యులు కారు. వాడు మళ్లీ పారిపోయినా, తిండి మానేసినా, రాత్రులు కేకలు వేసి లేస్తున్నాడని తల్లి చెప్పినా, చావు మాట ఎత్తినా ఆగకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు చేయండి, ఖర్చు ఉండదు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తల్లిని వెంటబెట్టుకుని వెళ్లండి. మీ నిద్ర కోసం కూడా అదే నంబరుకు చేయవచ్చు.

అక్టోబరు వస్తోంది. తండ్రి వెళ్లిన తేదీ తల్లిని అడిగి మీ డైరీలో రాసుకోండి. ఆ వారం వాడు బడికి రాకపోతే రిజిస్టరులో గీత పెట్టి ఊరుకోకుండా, మధ్యాహ్నంలోపే ఎవరినైనా ఇంటికి పంపండి. ఇంట్లో లేకపోతే ఎక్కడ వెతకాలో మీకు తెలుసు.