నల్గొండ దిక్కు గుట్ట పక్కన జాగ ఉంది, ఇల్లు బండల్లో కలిసిపోయినట్టు ఎట్ల కట్టాలె?

ముందుగాల జేసీబీ పిలవకండి. మన దిక్కు జాగ కొనంగనే గుండ్లు పగలగొట్టి, చెట్లు పీకి, అంతా చదును చేసినంక ప్లాన్ గీయిస్తరు, అసలు పాడయ్యేది అక్కడనే. ఏ గుండు ఎక్కడుంది, వేపచెట్టు ఎక్కడుంది, వాననీళ్లు ఎటు పారుతయి అన్నీ సర్వే చేయించి ఆ కాగితం మీదనే ఇల్లు గీయించండి.

అమెరికాల ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్ట్ 1935ల డిజైన్ చేసిన ఫాలింగ్‌వాటర్ ఇల్లు ఉంది కదా, జలపాతం మీదనే కట్టిండు, గోడల రాయి ఆ జాగల తీసిందే, పైగా హాల్లో చలి కాచుకునే పొయ్యి దగ్గర అక్కడున్న బండను కొట్టకుండ అట్లనే ఉంచిండు. చుట్టూ ఫ్లోరింగుకు మైనం పాలిష్ పెట్టి ఆ బండకు మాత్రం పెట్టలే, అందుకే మెరిసే నీళ్లలకెళ్లి పొడి రాయి లేచినట్టు కనిపిస్తది, నాకైతే ఆ ఇంట్లో అన్నిటికన్నా నచ్చింది అదే.

అంత దూరం ఎందుకు, మన దేవరకొండ ఖిల్లా గోడలు చూడండి, గుట్ట ఎట్ల వంగితే అవీ అట్లనే వంగినయి.

వాలు ఉంటే మట్టి పోసి నింపకండి, రూములే మెట్లు మెట్లుగ దింపండి. ఇంటి ఎత్తు చెట్టు కొమ్మలు దాటకుంటే మంచిది. గోడకు అక్కడి రాయే వాడి ప్లాస్టరింగ్ లేకుండ వదిలేయండి, కానీ పడమటి ఎండకు రాయి వేడెక్కి రాత్రిదాకా సెగ కొడ్తది, ఆ దిక్కు లోతు వరండా తప్పకుండ పెట్టించండి.