ఉపాధి హామీలో రోజుకు 307 అన్నారు, 210 చొప్పునే పడింది. మిగతాది ఎవరు తిన్నట్టు?

మీ అమ్మగారు ఆరు రోజులు కందకాల పనికి వెళ్తే 1,260 రూపాయలే పడ్డాయని మీరన్నారు. మీ భార్య కూడా పనికి వెళ్లొచ్చా అని అడిగారు.

ఎవరో తిన్నారని ముందే తేల్చేయకండి. 2025-26లో ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ రేటు 307 రూపాయలే ఉండేది. కానీ పొద్దున వెళ్లి ఎండెక్కాక ఇంటికొస్తే చేతిలో పెట్టే కూలి కాదది. గ్రూపంతా కలిసి తవ్విన మట్టిని కొలిచి, దానికి విలువ కట్టి, మస్టర్‌ (హాజరు పట్టీ)లోని హాజరుతో భాగిస్తారు. పదిమంది, ఆరు రోజులు అంటే 60 పనిదినాలు. కొలతలో 12,600 రూపాయల పనే తేలితే తలా రోజుకు 210. అందరికీ 307 రావాలంటే 18,420 రూపాయల పని కనబడాలి.

పని తగ్గేది ఎక్కువగా లోతులో. పది మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు ఉంటే 5 ఘనపు మీటర్లు. లోతు పది సెంటీమీటర్లు తగ్గిందా, 4 ఘనపు మీటర్లే. ఐదో వంతు కూలి అక్కడే పోయింది. పైన మీటరు వెడల్పు పెట్టి అడుగున ఇరుకు చేస్తే అదీ నష్టమే. అందుకే మొదటిరోజే కొలత కర్ర ఒకటి చేసుకుని గుర్తులు పెట్టుకోవాలి. కుంట తవ్వేటప్పుడు మధ్యలో ఒకటి రెండు మట్టి దిమ్మెలు తవ్వకుండా వదిలేయండి, ఎంత లోతు తీశారో అవే చెబుతాయి. పని కొలిచే ఉద్యోగి (టెక్నికల్ అసిస్టెంట్) కొలిచేదాకా వాటిని కొట్టేయొద్దు. గరప నేలను మెత్తమట్టిగా రాస్తే రేటు పడిపోతుంది కాబట్టి కొలిచేటప్పుడు గ్రూపు పెద్ద (మేట్) పక్కనే ఉండి ఏ నేల రాశారో అడగాలి.

ఇక ఎవరూ పైకి అనని మాట: నీడన కూర్చునే పేర్లు. పదిమందిలో ఇద్దరు ఫొటోకి నిలబడి వెళ్లిపోయినా వాళ్ల హాజరుతో కూడా భాగిస్తారు. అదే 12,600 నిజంగా పలుగు పట్టిన ఎనిమిదిమందికే పంచితే తలా రోజుకు 262.50 వచ్చేది. హాజరు వేసే యాప్‌లో రోజుకు రెండు ఫొటోలు పెట్టించి దొంగ హాజరు ఆపుతామన్నారు. ఫొటోకి మనిషి కావాలి గానీ చెమట అక్కర్లేదు. అటు సిగ్నల్ లేక రెండో ఫొటో ఎక్కకపోతే కష్టపడినవాడికే గైర్హాజరు.

మీ భార్య వెళ్లొచ్చు. 18 నిండి, ఊళ్లో ఉంటూ, ఒళ్లొంచి పనిచేస్తానంటే చాలు. తెల్లకార్డు అక్కర్లేదు, పొలం ఉన్నా పర్లేదు. 2005 చట్టంలో ఏడాదికి వంద రోజులుండేవి; ఆ లెక్క మనిషికి కాదు, ఇంటికి. ఒకే జాబ్‌కార్డులో అత్తాకోడళ్లిద్దరూ వెళ్తే సగం రోజులకే అయిపోతాయి. పెళ్లయి వేరు కాపురమైతే వేరే కార్డుకు దరఖాస్తు పెట్టుకోండి.

పని అడిగినప్పుడు తేదీ వేసిన రసీదు తీసుకోండి. చాలా ఊళ్లలో ఇది ఇవ్వరు, "పనున్నప్పుడు కబురు పెడతాలే" అంటారు. రసీదు చేతిలో ఉండి 15 రోజుల్లో పని ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి: మొదటి 30 రోజులు కూలిలో పావు వంతు, ఆపైన సగం. రసీదు ఎందుకివ్వరో అర్థమైందిగా.

డబ్బు అసలే పడనివాళ్లు *99*99*1# కొట్టి ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడి ఉందో చూసుకోండి. కొత్త ఖాతా తెరిచినప్పుడు ఆధార్ దానికి మారిపోయి, కూలి అందులో మూలుగుతుంటుంది. మస్టర్ మూసిన దగ్గర్నుంచి 15 రోజులు దాటితే ఆలస్యానికి పరిహారం కూడా ఉంది, రోజుకు 0.05 శాతం. ఆరు రోజుల పూర్తి కూలి 1,842 మీద లెక్కేస్తే రోజుకు 92 పైసలు!

అమ్మగారి విషయంలో ముందు ఆ వారం మస్టర్, కొలతల పుస్తకంలో రాసిన లోతు అడిగి చూడండి. కందకం ఇంకా పూడకపోతే టేపు పెట్టి కొలవండి. తేడా ఉంటే ఎంపీడీవోకి రాతపూర్వకంగా ఇచ్చి, ఫిర్యాదుల రిజిస్టర్‌లో ఎక్కించమనండి. ఏడు రోజుల్లో తేల్చాలని 2005 చట్టంలోనే ఉంది.