మేడ మీద గదిలో డెస్క్‌టాప్‌కి వైఫై స్పీడ్ రావట్లేదు, ఏ డాంగిల్ కొనాలి?

నెల్లూరు బాలాజీనగర్‌లో ఇల్లు, రూటర్ కింద హాల్లో, కంప్యూటర్ మేడ మీద. 100 ఎంబీపీఎస్ ప్లానుకి 15 దాటడం లేదని రాశారు. నా మాట వింటే యూఎస్‌బీ పోర్టులో గుచ్చే ఏ వైఫై డాంగిలూ కొనొద్దండి.

ముందు ఫోన్‌ని సీపీయూ పక్కనే పెట్టి స్పీడ్ టెస్ట్ చేయండి. ఫోన్‌కి 80 వచ్చి కంప్యూటర్‌కి 15 వస్తే లోపం కంప్యూటర్‌ది. ఫోన్‌కీ 15 వస్తే ఎంత ఖరీదైన కార్డు కొన్నా డబ్బు దండగ. ఫైబర్ వేసేవాళ్లు వైరు ఎక్కడ ఇంట్లోకొస్తే అక్కడే, టీవీ వెనకో ఇన్వర్టర్ పక్కనో రూటర్ బిగించి వెళ్లిపోతారు. స్లాబులో ఇనుప చువ్వలుంటాయి, సిగ్నల్ అందులోంచి పైకి సరిగ్గా రాలేదు. మెట్ల దగ్గర, తలుపు పైన ఎత్తులో పెట్టించండి. రూటర్‌కి మామూలు 2.4 కాక, వేగం ఎక్కువుండే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇక డాంగిల్ సంగతి. గోరంత ఉండే ఆ రకంలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. డబ్బా మీద 150 అని ఉన్నా చేతికొచ్చేది అందులో సగం కూడా ఉండదు. పైగా దాన్ని సీపీయూ వెనక గుచ్చుతాం. ముందు ఇనుప డబ్బా, వెనక గోడ. పక్క పోర్టులో యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ ఉంటే దాని నాయిస్ సరిగ్గా 2.4 మీదే పడుతుంది. ఈ సంగతి కొట్లో ఎవరూ చెప్పరు, డబ్బా మీది అంకె చూపించి అమ్మేస్తారు.

డాంగిల్ బదులు ఇంటెల్ ఏఎక్స్210 చిప్ ఉన్న పీసీఐఈ కార్డు, అంటే సీపీయూ లోపల మదర్‌బోర్డుకి బిగించే వైఫై కార్డు తీసుకోండి. ఏఎండీ ప్రాసెసర్ ఉన్న బోర్డు మీదా పనిచేస్తుంది. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం కొన్ని ఇంటెల్ బోర్డులకే. చవగ్గా దొరికాయని తెచ్చుకుంటే ఏఎండీ బోర్డు వాటిని అసలు గుర్తించదు. విండోస్ 64 బిట్ ఉండాలి.

బిగించేటప్పుడు వెనక స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టండి. బోర్డు మీద చిన్న స్లాటు, పీసీఐఈ ఎక్స్1, గ్రాఫిక్స్ కార్డుకి కాస్త ఎడంగా ఉన్నది ఎంచుకోండి. దాని ఎదురుగా ఉన్న రేకు తీసి, కార్డుని రెండు చివర్లా సమంగా నొక్కి, స్క్రూ బిగించండి. కొత్తపట్నంలాంటి సముద్రపొడ్డు ఊళ్లలో ఆ స్క్రూలు తుప్పుపట్టి తల అరిగిపోతాయి, సరైన సైజు స్క్రూడ్రైవర్ వాడండి. కార్డుతో వచ్చే సన్న కేబులు బ్లూటూత్‌ది. బోర్డు మీద తొమ్మిది పిన్నుల యూఎస్‌బీ 2.0 హెడర్‌కి, అంటే పైకి పొడుచుకొచ్చిన ఆ పిన్నుల గుంపుకి పెట్టాలి. అది పెట్టకపోతే వైఫై వస్తుంది, బ్లూటూత్ రాదు. అప్పుడు కార్డు పాడైందని వాపసు పంపేవాళ్లున్నారు!

అసలు పని యాంటెనాలది. కార్డుకే నేరుగా బిగించే పుల్లలొద్దు, అవి మళ్లీ సీపీయూ వెనకే ఇరుక్కుంటాయి. అయస్కాంతం అడుగు, మీటరు వైరు ఉన్న యాంటెనా సెట్ తీసుకోండి. రెండు కనెక్టర్లూ వేళ్లతోనే బిగించండి, పట్టకారు వద్దు. టేబుల్ మీద, మెట్ల వైపు కనబడేలా పెట్టండి. ఇనుప బీరువా మధ్యలో ఉంటే పక్కకి జరపండి. ఒక అడుగు అటూ ఇటూ జరిపితేనే లింక్ స్పీడ్, అంటే రూటర్‌కీ కార్డుకీ మధ్య వేగం రెట్టింపు కావచ్చు, సగమూ కావచ్చు. విండోస్ వైఫై సెట్టింగుల్లో హార్డ్‌వేర్ ప్రాపర్టీస్ తెరిచి, బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్ అని పడేదాకా జరుపుతూ చూడండి.

కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్ అంటే డ్రైవర్ కోసం ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కోసం డ్రైవర్ కావాలి. ఫోన్‌ని డేటా కేబులుతో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే ఫోన్ ఇంటర్నెట్టే కంప్యూటర్‌కి వస్తుంది, సరిపోతుంది. తర్వాత విండోస్ డివైస్ మేనేజర్‌లో ఆ వైఫై కార్డుకున్న పవర్ సేవింగ్ టిక్కు తీసేయండి. ఎప్పుడైనా కార్డు స్టార్ట్ కాలేదని కోడ్ 10 ఎర్రర్ వస్తే ప్లగ్ పీకి, కాసేపు ఆగి మళ్లీ పెట్టండి, చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

ఇంతా చెప్పాక నా అసలు అభిప్రాయం: కదలని కంప్యూటర్‌కి కేబులే మేలు. మెట్ల గోడ వెంట పైపులో క్యాట్6 నెట్‌వర్క్ కేబులు లాగించండి, అచ్చం రాగి తీగదే, రాగి పూత వేసిన అల్యూమినియంది కాదు. లోపల ఎనిమిది తీగలుంటే కొందరు నాలుగే కొట్టి కనెక్టర్ బిగిస్తారు. అలా చేస్తే లైను 100 దగ్గరే ఆగిపోతుంది, రేపు 300 ప్లాను తీసుకున్నా లాభముండదు. దగ్గరుండి ఎనిమిదీ కొట్టించండి.