ఏజెన్సీ, యాప్ పనివాళ్లు నోరెందుకు విప్పరు?

అన్యాయం జరిగినా వీళ్లు అడగరు, పిరికితనమా అని మీ ప్రశ్న. నేను రెండేళ్లు మేడ్చల్ వైపు ఒక గోడౌన్‌లో, కంపెనీలకి మనుషుల్ని పెట్టే లేబర్ ఏజెన్సీ కింద ప్యాకింగ్ చేశా, తర్వాత హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ. భయం ఉంటుంది, కాదనను. కానీ ఎవరిని అడగాలో తెలియకపోవడం అంతకంటే పెద్ద తలనొప్పి.

గోడౌన్‌లో కంపెనీ వాళ్లకి నీలం ట్యాగు, మాకు పసుపుది. జీతంలో పీఎఫ్ కట్ అవుతోంది, పాస్‌బుక్ చూస్తే నాలుగు నెలలుగా ఏమీ పడలేదు. సూపర్‌వైజర్‌ని అడిగితే "మీరు మా రోల్స్‌లో లేరు తమ్ముడూ, ఏజెన్సీని అడుగు" అన్నాడు. ఏజెన్సీ సార్‌కి ఫోన్ చేస్తే "కంపెనీ నుంచి బిల్లు పాస్ కాలేదమ్మా" అన్నాడు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు, గొడవ పెట్టుకుందామన్నా సందు లేదు! కాంట్రాక్టర్ పెట్టుకున్నవాళ్ల పీఎఫ్‌కి కూడా అసలు కంపెనీదే బాధ్యత అని 1952 పీఎఫ్ స్కీమ్‌లోనే ఉంది. మా లైన్‌లో ఆ సంగతి ఒక్కరికీ తెలియదు.

పైగా తీసేస్తున్నాం అని ఎవరూ చెప్పరు. పొద్దున గేటు దగ్గర వేలు పెడితే మెషీన్‌లో ఎర్ర లైటు వెలుగుతుంది, అంతే. డెలివరీలో అయితే ఆ లైటు కూడా ఉండదు, ఐడీ బ్లాక్. చాట్‌లో ఏం రాసినా అదే జవాబు మళ్లీ మళ్లీ వస్తుంది. బండి ఈఎంఐ నెత్తిన ఉన్నవాడు రేటు తగ్గించినా కిమ్మనడు. రాజస్థాన్ 2023లో గిగ్ కార్మికులకి, అంటే మాలా యాప్‌ల మీద పనిచేసేవాళ్లకి, చట్టం చేసి, ఫిర్యాదుకి దారి పెట్టింది. మాకు అప్పట్లో హోటల్ ముందు చెట్టు కింద చెప్పుకోవడమే. వాట్సాప్ గ్రూపులో టీమ్ లీడర్ ఉంటాడు కాబట్టి, అతను లేని గ్రూపు ఇంకోటి ఉండేది.

మా పీఎఫ్ సంగతి తేల్చింది ప్యాకింగ్‌లోని ఒక అక్క. అంతకుముందు యూనియన్ ఉన్న ఫ్యాక్టరీలో చేసింది, కాగితాల విలువ తెలుసు. పదకొండు మంది పే స్లిప్పులు పోగుచేసి, కొడుకు ఫోన్‌లోంచి పీఎఫ్ వాళ్లకి ఫిర్యాదు పెట్టించింది. అందరం సంతకాలు చేశాం, పంపింది మాత్రం ఆమె పేరు మీద. రెండు నెలలకి డబ్బులు పడ్డాయి. ఆ తర్వాతి నెలే అక్కని వేరే సైట్‌కి వేశారు, బస్సు దిగాక మూడు కిలోమీటర్లు నడవాలి. అదేంటని అడగడానికి మా పదిమందిలో ఒక్కరం కూడా వెళ్లలేదు.