విలన్ పన్నాగమే కథను నడిపించే ప్రతీకార చిత్రం ఏదైనా చెప్పగలరా?

నా ఓటు 2003లో వచ్చిన దక్షిణ కొరియా చిత్రం ‘ఓల్డ్‌బాయ్’కి. దర్శకుడు పార్క్ చాన్-వుక్. మరుసటి ఏడాది కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి కూడా గెలుచుకుంది.

ఓ దే-సు అనే మామూలు మనిషిని ఎవరో ఎత్తుకుపోయి, ఒక గదిలో 15 ఏళ్లు బంధించి, ఉన్నట్టుండి వదిలేస్తారు. ఇక శత్రువును వెతికి పగ తీర్చుకోవడమే మిగిలిందనుకుంటాం. అయితే ఇందులో విలన్ లీ వూ-జిన్ దాక్కోడు. తానే ఎదురుపడి, ఇదంతా ఎందుకు చేశానో ఐదు రోజుల్లో కనుక్కో చూద్దాం అంటాడు. అతన్ని చంపితే ఆ కారణం అతనితోనే పోతుంది. అందుకే చేతికి చిక్కినా హీరో ఏమీ చేయలేడు. ఆయుధం కాకుండా ఒక ప్రశ్ననే కవచంగా వాడుకున్న విలన్ నాకు మరొకరు గుర్తుకు రావడం లేదు.

మొదటిసారి నేను హీరో చోయ్ మిన్-సిక్‌నే చూస్తూ ఉండిపోయాను. నడవాలో సుత్తి పట్టుకుని గుంపుతో తలపడే ఆ పోరాటం ఒకే షాట్‌లో సాగుతుంది, ఆయాసం మనకూ వస్తుంది. ఏళ్ల తరబడి తిన్న కుడుముల రుచిని బట్టి హోటళ్లు గాలిస్తూ తన జైలును పట్టుకుంటే, భలే తెలివి అనుకున్నాను. ముగింపు తెలిశాక మళ్లీ చూస్తే అదే సన్నివేశంలో అతని మీద జాలి కలిగింది. ఎందుకు బంధించారని తవ్వుతున్నాడే తప్ప, ఎందుకు వదిలారని ఆలోచించడు. విలన్ కోరుకున్నదీ అదే.

లోపం లేదనను. పథకంలో ఒక ముఖ్యమైన మెలిక హిప్నాటిజం మీద ఆధారపడటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఒకే బడిలో చదివిన ఇద్దరిలో విలన్ అంత కుర్రవాడిగా కనిపించడం కూడా వింతే. నటుల మధ్య పద్నాలుగేళ్ల తేడా ఉంది మరి! కానీ ఒకరిని కాలం నలిపేసి, మరొకరు పాత గాయం దగ్గరే ఆగిపోయినట్టు అనిపించి, నాకు అది నచ్చింది.

హింస ఎక్కువ, విషయం పెద్దలకు మాత్రమే. ఇంట్లో అందరితో కూర్చుని చూడకండి. 2013లో స్పైక్ లీ తీసిన హాలీవుడ్ రీమేక్‌ను ముందు చూస్తే అసలు మలుపును చేతులారా పాడుచేసుకున్నట్టే.