అల్లుడూ, వెడ్జ్ మీద గ్రూవ్‌లు కొట్టేముందు

అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, వీడు కాలిఫోర్నియా వెళ్ళి గోల్ఫ్ కర్రలు చేసే షాపులో చేరాడంట, దీనికోసమా వీడ్ని అంత చదివించింది అని ఒకటే గొణుగుడు. హైదరాబాద్ బాలానగర్‌లో డైలు (అచ్చులు) చేసుకునే నేను కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్ బయల్దేరినప్పుడు మా నాన్న కూడా ఇదే అన్నాడు. కాలవే, టేలర్‌మేడ్ లాంటి గోల్ఫ్ కర్రల పెద్ద కంపెనీలు ఆ ఊళ్ళోనే ఉన్నాయి, అక్కడ ఆ పని వచ్చినోడికి గౌరవం ఉందని మీ అమ్మకి తర్వాత తీరిగ్గా చెప్తాలే. కానీ నువ్వు మెసేజ్‌లో "అరమిల్లీ లోతు గాడే కదా మామయ్యా, కట్టర్ పెట్టి లాగేస్తే అయిపోద్ది" అన్నావు చూడు, అది చదివాక రాత్రి నిద్ర పట్టలా. అందుకే ఇంత పొడుగు.

ముందు ఆ గాడి, అదే వెడ్జ్ (బాల్‌ని పైకి లేపి కొట్టే కర్ర) ఫేస్ మీద, అంటే బాల్‌ని తాకే ముఖం మీద అడ్డంగా గీసే గ్రూవ్, ఎందుకో తెలుసుకో. పొడి గడ్డి మీద శుభ్రంగా ఉన్న బాల్‌ని కొడితే గ్రూవ్‌ల వల్ల వచ్చే తేడా తక్కువ, ఫేస్ గరుకే చాలావరకు స్పిన్ ఇచ్చేస్తుంది. అసలు పని రఫ్‌లో, అంటే ఫెయిర్‌వే అనే పొట్టిగా కోసిన దారి పక్కనుండే పొడుగు గడ్డిలో. బాల్‌కీ ఫేస్‌కీ మధ్య తడి, గడ్డి నలిగి వచ్చిన రసం ఇరుక్కుంటాయి, అవి పోవడానికి దారి కావాలి, వానలో టైరు గీతలు చేసే పనే ఇది. పదునైన అంచుల చదరపు గ్రూవ్‌లతో రఫ్‌లోంచి కూడా దాదాపు ఫెయిర్‌వేలో కొట్టినంత స్పిన్ వచ్చేస్తుంటే ఇక దారి తప్పి కొట్టినోడికి శిక్ష ఏముంది అని గోల్ఫ్ రూల్స్ పెట్టే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ వాళ్ళు 2010 జనవరి 1 నుంచి తయారయ్యే క్లబ్బులకి కొత్త రూల్ పెట్టారు. గాడి ఎంత పెద్దదుండొచ్చు, 25 డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఉన్నవాటికి అంచు ఎంత గుండ్రంగా ఉండాలి అన్నదే అందులో ముఖ్యం. నువ్వు చేసే వెడ్జ్‌లన్నీ అందులోకే వస్తాయి.

లెక్కలు నోటికి రావాలి. వెడల్పు 0.9 మిల్లీమీటర్లు దాటకూడదు, లోతు 0.508 దాటకూడదు, పక్కపక్క గ్రూవ్‌ల అంచుల మధ్య దూరం వెడల్పుకి మూడింతలకి తగ్గకూడదు, 1.905కి కూడా తగ్గకూడదు. ఇవన్నీ పాతవే. కొత్తగా వచ్చింది ఏంటంటే గాడి అడ్డకోత వైశాల్యాన్ని పిచ్‌తో (వెడల్పూ, పక్క గాడి దాకా గ్యాపూ కలిపితే వచ్చేది) భాగిస్తే 0.0762 లోపు ఉండాలి. ఉదాహరణకి వెడల్పు 0.8, గ్యాప్ 2.7 అనుకో, పిచ్ 3.5, అంటే వైశాల్యం 0.267 చదరపు మిల్లీమీటర్ల దాకానే. అరమిల్లీ లోతుకి నిలువు గోడలతో చదరంగా కొట్టావా, 0.40 వచ్చి పీస్ ఫెయిల్. అదే పైన 0.8, కింద 0.25 ఉండేలా గోడలు వాల్చావనుకో, 0.2625, పాసవుద్ది కానీ అంచు మీద నడక. ఇది తెలీకుండా కట్టర్ ఆర్డర్ పెట్టేసినోళ్ళని చూశా.

ఇప్పుడు అంచు దగ్గరికి రా, నా బాధంతా అక్కడే. అంచు రేడియస్ 0.254 నుంచి 0.508 మధ్య ఉండాలి. 1980ల్లో పింగ్ అనే కంపెనీ వాళ్ళ ఐ2 ఐరన్ కర్రల కథ విన్నావా? చదరపు గ్రూవ్‌ల అంచు బాల్ తోలు చెక్కేస్తోందని పింగ్ పెట్టిన కార్స్టెన్ సోల్హైమ్ అంచుని కొంచెం గుండ్రం చేశాడు, మంచి పనే. కానీ గుండ్రం చేస్తే గాడి నోరు వెడల్పవుద్ది కదా, యూఎస్‌జీఏ వాళ్ళు ఆ గుండ్రం దగ్గర్నుంచి కొలిచి, గ్యాప్ చాల్లేదు, చెల్లదు పొమ్మన్నారు. అదెక్కడ కొలవాలి అనే గొడవ కోర్టుకెక్కి 1990లో రాజీ అయ్యింది. ఫేస్‌కి 30 డిగ్రీల వాలులో గీత పెడితే అది అంచుని ఎక్కడ తాకుద్దో, అక్కడినుంచి అవతలి అంచు మీద అలాంటి చోటు దాకా ఉన్నదే వెడల్పు. డ్రాయింగ్‌లో వెడల్పు చూడగానే ఇది ఎక్కడ కొలిచింది అని అడుగు.

నా తప్పు ఒకటి చెప్తా, ఎవరికీ చెప్పకు. చేరిన రెండో నెలలో నలభై హెడ్లకి (కర్ర తలలకి) గ్రూవ్‌లు కొట్టి పెట్టా, ట్రేలో ఒకదానికొకటి తగిలి ఫేస్ మీద గీతలు పడ్డాయి, ఎవరూ చూడకముందే అని అన్నిటికీ పైనుంచి పదో వంతు మిల్లీ స్కిమ్ చేసేశా, అంటే పల్చగా చెక్కేశా. అద్దంలా వచ్చాయి, నాకు నేనే భుజం తట్టుకున్నా. కానీ గాడి గోడలు అరవై డిగ్రీల 'V' ఆకారం, పదో వంతు లేస్తే వెడల్పు 0.115 తగ్గిపోయింది, అంచు మీద గుండ్రం దాదాపు మొత్తం లేచిపోయింది, వేలు పెడితే బ్లేడు. నలభై స్క్రాప్. అందుకే ఫేస్ ముందు పూర్తిచెయ్యి, తర్వాతే గ్రూవ్, ఆ తర్వాత ఇక ఫేస్‌ని ముట్టుకోవద్దు. ట్రేలో ఒక్కోదానికీ ఒక్కో గది ఉండాలి, ఖర్చు అంటే నేను చెప్పానని చెప్పు.

లోతు మారితే వెడల్పు మారే ఈ లెక్కే హెడ్‌ని మెషీన్‌లో సరిగ్గా పట్టుకోవడానికీ వర్తిస్తుంది. హెడ్‌కి ఒక్క చదరమైన పక్కా ఉండదు, హోజెల్ (కర్ర దూరే గొట్టం) ఒక వైపు పొడుచుకొస్తుంది, అందుకే సాఫ్ట్ జాస్ (వైస్‌లో పెట్టే మెత్తటి దవడలు) ఆ మోడల్‌కే చెక్కుకుని వెనక, సోల్ (అడుగు) దగ్గర పట్టు ఇవ్వు, మరీ బిగిస్తే పల్చటి హెడ్ వంగి విప్పాక గాడి వంకర కనిపిస్తుంది. ఎత్తు తేడా చూపించే డయల్ ఇండికేటర్ పెట్టి టో (ముందు కొస) నుంచి హీల్ (హోజెల్ వైపు కొస) దాకా తోలు. లోతు 0.05 తేడా వస్తే ఆ 'V' గోడల మీద వెడల్పు 0.06 దాకా మారుద్ది, ఒక చివర గాడి లావు, ఒక చివర సన్నం.

కట్టర్ విషయం. కొన సన్నగా ఉండి, పైన భుజం దగ్గర రేడియస్ కూడా గ్రైండ్ చేసి ఉన్న కార్బైడ్ ఫార్మ్ కట్టర్ తీసుకో, గోడా అంచూ ఒకే పాస్‌లో వచ్చేస్తాయి. కాకపోతే దానికి లోతు మీద ప్రాణం. కొంచెం పైన ఆగితే అంచు గుండ్రం పూర్తి కాదు, కొంచెం కిందికి పోతే ఫేస్ మీద మెట్టు పడుద్ది. కొన పావుమిల్లీ వ్యాసం అనుకుంటే 12,000 ఆర్‌పీఎంలో కూడా అక్కడ కటింగ్ స్పీడ్ నిమిషానికి 10 మీటర్లు దాటదు, కాబట్టి స్పిండిల్ తిరిగినంత తిప్పు, ఫీడ్ (కట్టర్‌ని ముందుకు తోసే వేగం) పెంచాలని మాత్రం ఆశపడకు. కొలెట్‌లో (కట్టర్‌ని బిగించే పట్టు) రనౌట్ (తిరిగేటప్పుడు పక్కకి ఊగే తేడా) చూడకుండా స్టార్ట్ కొట్టకు, 0.02 మిల్లీ తేడా ఉన్నా భారమంతా ఒక్క పన్ను మీదే పడి విరిగిపోద్ది. నిలువుగా గుచ్చొద్దు, ర్యాంప్‌తో దింపు, మూడు నాలుగు పాస్‌లు, చివర్ది చాలా పల్చగా.

8620 లాంటి మెత్తటి స్టీల్ అయితే బర్ర్ (కోసిన అంచున లేచే పొలుసు) ఎక్కువ, 17-4 స్టెయిన్‌లెస్ కట్టర్‌ని తినేస్తుంది. బర్ర్ కనిపించగానే చేతులు ఫైల్ వైపు వెళ్తాయి, ఆపుకో. చేత్తో రుద్దితే ఏ రెండు అంచులూ ఒకేలా ఉండవు. అదే ప్రోగ్రామ్‌లో అదే లోతుకి ఒక ఖాళీ పాస్ తిప్పు, చాలావరకు పోద్ది.

కొలవడానికి షాపులో గాడి ఆకారం గీసి చూపే కాంటూర్ ట్రేసర్ ఉంటే అదృష్టవంతుడివి. లేదంటే దంతాల డాక్టర్లు వాడే సిలికాన్ ముద్ద గ్రూవ్ మీద ఒత్తి, గట్టిపడ్డాక తీసి, బ్లేడుతో అడ్డంగా పల్చగా కోసి నీడని పెద్దది చేసి చూపే ప్రొఫైల్ ప్రొజెక్టర్ మీద పెట్టు, యాభై రెట్లకి చూస్తే గాడి మొత్తం గోడ మీద బొమ్మలా కనపడుద్ది. క్రోమ్ వేసే పీస్ అయితే ప్లేటింగ్‌కి ముందూ తర్వాతా రెండుసార్లు చెయ్యి, ప్లేటింగ్ అంచుల మీదే ఎక్కువ పేరుకుంటుంది.

ఇంకోటి, ఫ్రెండ్స్ వాడిన వెడ్జ్ పట్టుకొచ్చి గ్రూవ్‌లు కాస్త పదును పెట్టరా అంటారు. పెట్టకు. ఉన్న గాడిలోనే మళ్ళీ తిప్పితే వెడల్పో అంచో ఏదో ఒకటి లైన్ దాటుద్ది, టోర్నమెంట్‌లో వాడు చిక్కుకుంటే నీ పేరే చెప్తాడు.

మొదటి పీస్ ముద్ద కోసి ప్రొజెక్టర్ మీద పెట్టినప్పుడు ఫోటో తీసి నాకు పంపు, ఫోన్ చేసే ముందు టైం చూసుకో, మీకు పగలైతే మాకు అర్ధరాత్రి.

మీ మామయ్య